బిగిసిన చుట్టకు పుల్లవైద్యము

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల రచ్చకట్టలపై చుట్ట కాల్చు పెద్దలందఱు నెఱిగిన కష్ట మొకటి కలదు. ఎంత పీల్చినను పొగ రాదు, దవడలు నొచ్చును, నిప్పు చల్లారును. అంతట దబ్బనము దెచ్చి పొడుచుట మనవారి పరిపాటి. నేను మెచ్చను. అది లావైనది, పైయాకు చీలి ప్రక్కనుండి గాలి దూఱును. తుమ్మముల్లు లోపలనే విఱుగును.

కొబ్బరి చీపురుపుల్ల మేలు. దానిని కత్తితో నునుపుగా గీచి, నోట నుంచుకొను కొననుండి మెల్లగా త్రిప్పుచు నడిమివఱకు దూర్చవలెను. ఊరక త్రోసితిమా, పొగాకు ముందునకు జరిగి గడ్డకట్టి మఱింత బిగియును. స్విట్జర్లాండు దేశపు బ్రిస్సాగో చుట్టలలో చుట్టునపుడే నడుమ నొక గడ్డిపోచ నుంతురు. దానిని లాగివేసి ముట్టింతురు. త్రోవ సిద్ధముగా నుండును.

పొగాకు నోటిపుండ్లకును, రాచపుండునకును మూలమని వైద్యులు నిశ్చయించిరి. నా దగ్గు నాకును తెలియును. మానగలవారికి నా పుల్లతో పనిలేదు.

వానకాలమున ఆకు చెమర్చి యుబ్బును. అట్టి చుట్టను రెండు దినములు నీడ నార్చిన చాలును. ఎండ తగిలినచో పెళుసై పగులును. ఈనె తునక అడ్డపడి పుల్ల యాగెనా, బలవంతము చేయక, వెనుకకు దీసి, ప్రక్కగా మఱియొక త్రోవ చేయవలెను.