నోటి క్యాన్సరు వంశాన్ని పట్టి వస్తుందా?

ముండ్లమూరు, దర్శి, పొదిలి పల్లెల్లో మేము తరచుగా వినే మాటలు రెండున్నాయి. "మా తాత ఎనభై ఏళ్లు వచ్చేదాకా చుట్ట కాల్చాడు, ఏమయింది? మాది గట్టి రక్తం" అనేది ఒకటి. "వాళ్లింట్లో నోటి క్యాన్సరు ఉంది, ఆ పిల్లను చేసుకోకండి" అనేది మరొకటి. ఈ రెండవ మాటకు భయపడి, నోట్లో తెల్లమచ్చ కనబడిన తండ్రి కూతురి సంబంధం కుదిరేదాకా ఎవరికీ చెప్పకుండా దాచుకుంటాడు. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

రెండు మాటల్లోనూ కొంత నిజమున్నది. పొగాకు విషాన్ని అందరి శరీరం ఒకే విధంగా విరవదు. పొగలోని కొన్ని పదార్థాలను మన ఒంట్లోని ఎంజైములే మొదట మరింత చురుకైన విషంగా మారుస్తాయి. వేరే ఎంజైములు ఆ విషాన్ని విరిచి బయటకు పంపుతాయి. వీటిని తయారు చేయించేవి తలిదండ్రుల నుండి వచ్చిన జన్యువులే. విషాన్ని విరిచే జన్యువుల్లో జి.ఎస్.టి.ఎం.1 అనేది ఒకటి. అది కొందరిలో పుట్టుకతోనే ఉండదు. అలాంటివారు లోకంలో కోట్లమంది, ఆరోగ్యంగానే ఉంటారు. పొగాకు తోడైతే వారికి ప్రమాదం కొంత ఎక్కువని మన దేశంలోని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అన్నీ ఒకే మాట చెప్పలేదు. ఐరోపా, అమెరికా ఖండాలలోని 6,000 మందికి పైగా రోగులతో జరిగిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. మద్యాన్ని విరిచే జన్యువుల్లోని తేడాలకు కూడా నోటి, గొంతు క్యాన్సరుతో సంబంధమున్నదని అది తేల్చింది.

అయితే ఒక తాత నుండి మనవడికి వచ్చేది సుమారు నాలుగో వంతు మాత్రమే. ఆ పావులో తాతగారి గట్టిదనం ఉన్నదో లేదో మనవడి ముఖం చూసి చెప్పగలవారు లేరు.

మరి ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే? శ్రీకాకుళం వైపు చూడండి. అక్కడి ఆడవారిలో చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకొని కాల్చే అలవాటు తరతరాలుగా ఉన్నది. అడ్డపొగ అంటారు. డెన్మార్క్ డాక్టరు పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టరు మెహతా మొదలైనవారు ఆ జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. అడ్డపొగ తాగేవారి అంగుడి మీదనే ఆ మచ్చలు, మార్పులు ఎక్కువగా కనబడ్డాయి. వేడి, పొగ తగిలే చోటు అదే కదా! తల్లి నుండి కూతురికి వచ్చినది రక్తమొక్కటే కాదు, చుట్ట కూడా. మన ఊళ్లలో మాత్రం? చుట్ట పొయ్యిలో అంటించి తెమ్మని మనవడికిచ్చే తాతలు ఎందరు లేరు! ఆరకుండా తేవాలంటే పిల్లవాడు ఒక దమ్ము లాగక తప్పదు.

నిజంగా వంశాన్ని పట్టి వచ్చేవి అరుదు. ఫాంకోని అనీమియా అలాంటిది. చాలావరకు తల్లి, తండ్రి ఇద్దరి నుండీ లోపమున్న జన్యువు వస్తేనే ఆ జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. చిన్నతనంలో రక్తం తగ్గిపోవడం, కొందరికి బొటనవ్రేలి లోపం దాని గుర్తులు. బ్రతికి పెద్దయినవారికి పొగాకు ముట్టకున్నా నోటి క్యాన్సరు ప్రమాదం కొన్ని వందల రెట్లు ఎక్కువ. అలాంటి పిల్లలున్న ఇంటివారు పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవాలి. మిగిలినవారి పెండ్లిళ్లు ఆపడానికి ఇందులో కారణమేమీ లేదు.

"పితరుల పాపం" అనేవారు సంఘాల్లోనే ఉన్నారు. పుట్టుగ్రుడ్డివాని గూర్చి శిష్యులడిగిన ప్రశ్నకు ప్రభువు ఏమి చెప్పారో వారికి తెలియనిది కాదు.

తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో ప్రకటించారు. టార్చిలైటు మన ఇళ్లలోనూ ఉన్నది. బుగ్గల లోపల, నాలుక కింద, అంగుడి మీద తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ, రెండు వారాలకు మానని పుండు గానీ, నోరు సరిగా తెరుచుకోకపోవడం గానీ ఉంటే దంతవైద్యునికి చూపించండి. పెద్దవారికి కట్టుడుపళ్లుంటే తీయించి చూడండి. పుండు వాటి కింద దాగి ఉండవచ్చు.