రోడ్డు మీది రొద – యింట్లోని నిద్ర

"మెయిన్ రోడ్డు మీద యిల్లు" అంటే సంబంధాలు చూడవచ్చే పెద్దమనుషులు కూడా ఒక మెట్టు హెచ్చు మర్యాద చేస్తారు. కొనేవాడు ఆ మాట కోసమే గజానికి నాలుగు డబ్బులు యెక్కువ పోస్తాడు. గృహప్రవేశం నాడు షామియానా, సన్నాయి, వంటవాళ్ళ హడావిడిలో రోడ్డు సంగతి యెవరికీ పట్టదు. చుట్టాలంతా వెళ్ళిపోయి, దీపాలార్పి పడుకున్నాక తెలుస్తుంది – ఆ యింట్లో కాపురం తమది మాత్రమే కాదని! లారీలు, బస్సులు, సైలెన్సరు వూడదీసిన మోటారు సైకిళ్ళు, అన్నీ మంచం పక్కనుంచే పోతున్నట్టు వుంటుంది.

"అలవాటై పోతుంది లెండి" అంటారు యిరుగు పొరుగు. అందులో సగమే నిజం. మనసుకు అలవాటవుతుంది, ఒంటికి కాదు. కంటికి రెప్పలున్నట్టు చెవికి మూతలు లేవు కదా! నిద్రలో హారను మోగితే మెలకువ రాకపోయినా గుండె ఒక్కసారి వడివడిగా కొట్టుకుంటుంది. యేళ్ళ తరబడి రోడ్డు రొదలో బతికేవారికి గుండెజబ్బు ముప్పు హెచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరపు దేశాల కోసం వెలువరించిన సూచనలలో పేర్కొన్నది. రాత్రివేళ వాహనాల చప్పుడు యింటి బయట 45 డెసిబెల్సు దాటరాదన్నది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు కూడా నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 అనే నిర్ణయించాయి. నిబంధన కాగితం మీద వుంది; లారీ రోడ్డు మీద వుంది.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. న్యూయార్కులో ఒక బడి పక్కనుంచే యెత్తు వంతెన మీద రైళ్ళు పోతుండేవి. ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు పరిశీలించి, 1975లో ఒక విషయం బయటపెట్టింది. రైలు వైపు గదుల్లో కూర్చునే పిల్లలు, అదే బడిలో అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో వెనకబడి వున్నారు. పై తరగతికి వచ్చేసరికి ఆ తేడా యించుమించు ఒక సంవత్సరం! పట్టాల కింద రబ్బరు మెత్తలు, గదుల కప్పుకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు అమర్చిన తరువాత మళ్ళీ పరీక్షిస్తే తేడా కనిపించలేదు. మన పిల్లవాడు పుస్తకం ముందు కూర్చుని దిక్కులు చూస్తున్నాడని కోప్పడేముందు, వాడి బల్ల యే కిటికీ పక్కన వుందో చూడటం మంచిది.

మరి ఈ రొద లోపలికి యెలా వస్తున్నది? గోడ నుంచి కాదు. రెండువైపులా పూత వేసిన తొమ్మిదంగుళాల యిటుక గోడ సుమారు 50 డెసిబెల్సు ఆపగలదు. మామూలు కిటికీ అద్దం, సందు లేకుండా బిగిస్తే, 30 దాకా ఆపుతుంది. పది డెసిబెల్సు తగ్గితే శబ్దశక్తి పదో వంతుకు పడిపోతుంది. మన చెవికి మాత్రం సగమైనట్టు తోస్తుంది. కనుక రోడ్డు వైపు గోడకు బీరువాలు చేర్చడం, బిరడాపలకలు కొట్టించడం వట్టి ఖర్చు. దొంగ కిటికీలో వుంటే గోడకు కాపలా యెందుకు?

కిటికీలోనైనా అద్దం కంటే సందే పెద్ద శత్రువు. ఒక చిన్న లెక్క చూడండి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల కిటికీకి చుట్టూ అంగుళంలో ఎనిమిదో వంతు సందు వుందనుకోండి. అదంతా కలిపితే యిరవై నాలుగు చదరపు అంగుళాలు – కిటికీ మొత్తంలో నూటికి ఒక వంతు. "ఒక వంతే కదా!" అనుకుంటాము. కాని ఆ ఒక్క వంతు తెరిచి వున్నంతకాలం, తక్కిన తొంభై తొమ్మిది వంతులు ఉక్కుతో చేయించినా ఆ కిటికీ 20 డెసిబెల్సుకు మించి ఆపలేదు. వేలకు వేలు పోసి దళసరి అద్దం వేయించి, "ఏమీ లాభం లేదండీ" అని వాపోయే వారి రహస్యం యిదే.

కాబట్టి మొదటి ఖర్చు రబ్బరు బీడింగుకు. రాత్రి గదిలో దీపం ఆర్పి, బయటినుంచి ఒకరిని టార్చి వేయమనండి. వెలుతురు గీత యెక్కడ కనిపిస్తే అక్కడ సందు. అగరువత్తి పొగ అయినా చెబుతుంది. చట్రానికీ గోడకూ మధ్య బీటలుంటే లప్పంతో గాని సిలికానుతో గాని పూడ్చాలి. ఏ.సి. గొట్టం కోసం కొట్టిన కన్నాన్ని యెవరూ పట్టించుకోరు, అదీ పూడ్చాలి. పక్కకు జరిగే కిటికీలు చూడటానికి సొగసే గాని, వాటి బ్రష్షుల సందుల్లోంచి చప్పుడు ధారాళంగా వస్తుంది. రబ్బరు మీద నొక్కుకుని బిగిసే రెక్క తలుపులే మేలు.

అప్పటికీ చాలకపోతే, వున్న కిటికీ కదపకుండా లోపలివైపు మరొక అద్దపు చట్రం పెట్టించండి. రెండింటికీ మధ్య కనీసం నాలుగంగుళాల యెడం వుండాలి. బజారులో దొరికే అరంగుళం యెడమున్న జంట అద్దాలు ప్రధానంగా వేడిని అడ్డుకోవడానికి చేసినవి. లారీ గుర్రుకు అవి పెద్దగా జంకవు. రెండు అద్దాలూ ఒకే మందం వుండకూడదు. ప్రతి మందానికీ తాను సులభంగా లోపలికి వదిలే స్వరం ఒకటుంటుంది. ఒకటి వదిలినది రెండవది పట్టుకోవాలి. మధ్యలో పలుచని పొర అతికించిన లామినేటెడ్ అద్దమైతే మరీ మంచిది.

దళసరి తెరలు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయే గాని, బయటి రొదను ఆపవు. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించే వారున్నారు. బొద్దింకలకు తప్ప యెవరికీ సుఖం లేదు. వరుసగా నాటిన నాలుగు చెట్లు కంటికి చల్లదనం, అంతే. ప్రహరీ గోడ కింది అంతస్తుకు కొంత అడ్డు. రోడ్డు కనిపించే మేడగదికి అది లేనట్టే.

అన్నిటికంటే చవకైన చికిత్స గదులు మార్చుకోవడం. మన మండువా లోగిళ్ళలో వీధి వైపు అరుగు, సావడి, పడక లోపల. యిప్పటి ఫ్లాటులో, "నాన్నగారికి కాలక్షేపంగా వుంటుంద"ని రోడ్డు వైపు గది యిచ్చేస్తున్నారు. పగలు కూర్చునేందుకు బాగానే వుంటుంది. రాత్రి మాత్రం గుండెనొప్పి మనిషిని వెనక గదిలో పడుకోబెట్టి, గురక పెట్టే కొడుకు ముందుకు రావడం న్యాయం.

మే నెలలో కిటికీలన్నీ బిగిస్తే వుడికిపోతామంటారా? నిజమే. రోడ్డు వైపువి మాత్రమే బిగించి, వెనకవైపువి తెరవండి. ఫ్యాను చప్పుడు కూడా దూరపు హారన్లను కొంత మరుగుపరుస్తుంది. వంటింటి వెంటిలేటరు మాత్రం యెట్టి పరిస్థితిలోనూ మూయవద్దు. గ్యాసు వెలిగే చోట గాలి ఆడి తీరాలి.

అద్దె యింటివారు యజమాని కిటికీ మీద చెయ్యి వేయనక్కరలేదు. లోపలి చట్రాన్ని మరలతో బిగించుకుంటే, ఖాళీ చేసేనాడు విప్పి సామానుతో పాటు బండి యెక్కించవచ్చు. కొత్త యింటి కిటికీ కొలత కలవాలి, అంతే!