సదస్సు వేళల నడుమ విశాఖ

విశాఖపట్నంలో పెద్ద సమావేశాలు జరిగే చోట్లు చాలావరకు సముద్రానికి దగ్గర్లోనే ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు మెరక మీద ఉంటే, పెద్ద హోటళ్లు బీచ్ రోడ్డు వెంట ఉన్నాయి. 2008 జనవరిలో భారత సైన్స్ కాంగ్రెస్ 95వ సమావేశాలు ఈ విశ్వవిద్యాలయంలోనే జరిగాయి. 2023 మార్చిలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు, అదే నెలాఖర్లో జి-20 మౌలిక వసతుల కార్యబృందం సమావేశం ఈ ఊళ్లోనే నడిచాయి. సదస్సుకు వచ్చినవారికి ఊరు చూసే తీరిక ఒక్కచోట దొరకదు. తొలి సమావేశానికి ముందు రెండు గంటలు, చివరి ప్రసంగం ముగిశాక ఒక సాయంత్రం, వీలుంటే ఆఖర్న ఒక పూర్తి రోజు, అంతే. కొండలూ సముద్రమూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఊరు కాబట్టి విశాఖలో ఈ కాస్త తీరికా వృథా పోదు. ఏది ఏ పూట చూడాలన్నదే ముందుగా తేల్చుకోవాలి.

ఉదయం పూట రామకృష్ణా బీచ్‌కు మించింది లేదు. పక్కనే ఉన్న రామకృష్ణ మఠం పేరే తీరానికీ వచ్చింది. ఊరివాళ్లకు అది ‘ఆర్కే బీచ్’. సూర్యుడు నేరుగా సముద్రంలోంచి పైకి వస్తాడు. దక్షిణాన నీళ్లలోకి ముక్కులా పొడుచుకు వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. ఆ కొండ చాటున ఏర్పడ్డ సహజమైన రేవే 1933లో తెరుచుకున్న ఓడరేవుకు ఆధారమైంది. ఆర్కే బీచ్ నడకకు, ముచ్చట్లకు బాగుంటుంది గాని స్నానానికి పనికిరాదు. అలలు వెనక్కి మళ్లేటప్పుడు మనిషిని లోపలికి లాగేస్తాయి. నీళ్లలో దిగాలన్న సరదా ఉన్నవారు ఉత్తరాన ఉన్న రుషికొండకు వెళ్లడం మేలు. అక్కడైనా ఒడ్డున ఎర్రజెండా కనిపిస్తే ఆగిపోవాలి.

సాయంత్రానికి అదే బీచ్‌లో కురుసుర ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరి, 2001లో విరమించింది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవున్న ఈ ఉక్కు ఓడను ఇసుక మీదికి లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు. లోపల ఒక అర నుంచి ఇంకో అరకు పోవాలంటే గుండ్రటి ద్వారంలోంచి ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. నావికులు పడుకునే పలకలు అరల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. టార్పెడోలు ఉండే చోటికీ నిద్రపోయే చోటికీ నడుమ దూరం ఎంత తక్కువో కళ్లతో చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. రోడ్డుకు అవతలి పక్క టీయూ-142 గస్తీ విమానాన్ని 2017 నుంచి ప్రదర్శనకు ఉంచారు. రెండూ చూసి బయటికొచ్చేసరికి చీకటి పడుతుంది. సోమవారం కురుసురకు సెలవు గనక ఆ రోజు దాన్ని పెట్టుకోకూడదు.

క్షేత్రాల్లో మొదటిది సింహాచలం. దానికి ఒక పూట కేటాయించినా చాలు. తీరం నుంచి సుమారు పదహారు కిలోమీటర్లు. కొండ దిగువన అడివివరం, అక్కడి నుంచి పైకి మెట్లదారీ, బస్సులు తిరిగే ఘాట్ రోడ్డూ ఉన్నాయి. వరాహ, నరసింహ అవతారాలు రెండూ ఒకే మూర్తిలో కలిసిన స్వామి ఇక్కడ వెలిశాడు. ఏడాది పొడవునా ఆ మూర్తి చందనపు పూత కింద ఉంటుంది. భక్తులకు కనిపించేది లింగం లాంటి చందనపు ముద్ద మాత్రమే. వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ రోజున, పూత తొలగించి నిజరూప దర్శనం ఇస్తారు. అది ఆ ఒక్క రోజే. ఆ రాత్రి నుంచే మళ్లీ చందన సమర్పణ మొదలవుతుంది. తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు విడతలవారీగా పూస్తారు. ఇందుకోసం ఆలయ సిబ్బంది ముందుగానే సానరాళ్ల మీద చెక్కలు అరగదీస్తారు. ఈ పనికి ‘చందనం అరగదీత’ అని పేరు.

గుడి పడమటి ముఖంగా ఉంటుంది. ఇక్కడ దొరికిన శాసనాల్లో పాతవి పదకొండో శతాబ్దపు చివరివి, కులోత్తుంగ చోళుడి కాలానివి. ఇప్పుడు కనిపించే కట్టడంలో ముఖ్యభాగం పదమూడో శతాబ్దంలో తూర్పు గంగరాజు నరసింహదేవుడి హయాంలో రూపుదిద్దుకుంది. అందుకే గోడల మీది శిల్పంలో ఒడిశా పోలికలు ఎక్కువ. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు కూడా ఇక్కడికి వచ్చి కానుకలు సమర్పించినట్టు శాసనాలు ఉన్నాయి. లోపల కప్పస్తంభాన్ని కౌగిలించుకుని సంతానం కోరుకునేవారి వరుస ఎప్పుడూ ఉంటుంది. మొక్కు తీరినవారు కోడెదూడలను స్వామికి సమర్పించడం ఈ క్షేత్రపు ఆనవాయితీ. సింహాచలం సంపెంగలు, కొండ మీది అనాసపండ్లు కూడా అందరూ ఎరిగినవే. ఒక్క మాట: సమావేశం నుంచి ల్యాప్‌టాప్ సంచితో నేరుగా గుడికి బయల్దేరితే, దాన్ని ఎక్కడ అప్పగించాలన్నదే పెద్ద పని అవుతుంది. గదిలో వదిలిరావడమే సుఖం. ఆషాఢ పౌర్ణమి వేళ జరిగే గిరిప్రదక్షిణలో జనం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ సమయంలోనే సదస్సు పడితే రోడ్ల మీద కారు కదలదని ముందే అనుకోవాలి.

పాతూరిలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి గంట చాలు. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండా వానా ఆమె మీదే పడతాయి. భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు అద్ది పూజ చేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో మాత్రం వరుస వీధులు దాటిపోతుంది. అక్కడికి దగ్గర్లో, ఓడలు రేవులోకి వచ్చే కాలువ పక్కన మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద దర్గా, మూడోదైన రాస్ కొండ మీద మరియమాత చర్చి. రాస్ కొండ మీంచి చూస్తే ఓడ రేవులోకి మలుపు తిరగడం కనిపిస్తుంది.

భీమిలి రోడ్డు పట్టుకుంటే బౌద్ధం ఎదురవుతుంది. 1976లో నౌకాదళం స్థావరం కోసం స్థలం పరిశీలిస్తుండగా తొట్లకొండ మీద శిథిలాలు బయటపడ్డాయి. పురావస్తుశాఖ తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. వాననీళ్లు నిలవడానికి బండలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. సముద్రపు వర్తకం మీద ఆధారపడ్డ ఆరామం అని ఆ నాణేలే చెబుతాయి. కొండ మీద నీడ తక్కువ, మధ్యాహ్నం వెళ్లి లాభం లేదు. బావికొండ ఇదే దారిలో ఉంది. ఇంకాస్త ముందుకు పోతే గాలీ వానా కోసిన ఎర్రమట్టి దిబ్బలు. బౌద్ధం మీద ఆసక్తి ఎక్కువున్నవారు అటు దక్షిణంగా, బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి పక్కన, బొజ్జన్నకొండ గుహలనూ లింగాలకొండ మీద రాతిలో మలచిన స్తూపాల వరుసలనూ చూడాలి.

పూర్తి రోజు చేతిలో ఉంటే శ్రీకాకుళం వైపు వెళ్లవచ్చు. దారి నూరు కిలోమీటర్ల పైమాటే. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని ఉదయాలు లేత కిరణాలు గర్భగుడి దాకా వచ్చి మూర్తిని తాకుతాయి. మబ్బు పడితే అంతే సంగతులు. శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకుంటాడు. ఇలాంటి గుడి అరుదు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. శ్రీముఖలింగం ఇంకా లోపలికి ఉంది కాబట్టి మూడింటినీ ఒకే రోజులో కుక్కితే దర్శనాల కన్నా కారులో కూర్చోవడమే ఎక్కువవుతుంది. గుడుల కన్నా కొండలు ఇష్టమైనవారికి బొర్రా గుహల దారి ఉంది. పొద్దున్నే కిరండూల్ రైలు ఎక్కితే సొరంగాల గుండా అక్కడికి చేరవచ్చు. సున్నపురాయి కరిగి ఏర్పడ్డ ఆ గుహల్లోనూ ఒక రాతి రూపాన్ని శివలింగంగా కొలుస్తారు.

తిరుగు ప్రయాణం రాజమండ్రి, విజయవాడల మీదుగా అయితే అన్నవరం దారిలోనే తగులుతుంది. రత్నగిరి మీద సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకోవాలంటే టికెట్టు తీసుకుని, కనీసం రెండు మూడు గంటలు ఆగాలి. రైలు వేళ దగ్గరపడ్డవారు దర్శనంతో సరిపెట్టుకుంటారు. కొండెక్కే తీరిక కూడా లేనివారు హైవే పక్కన ఉన్న దేవస్థానం కౌంటరు దగ్గరే బండి ఆపి, ఆకులో కట్టిచ్చే గోధుమనూక ప్రసాదం కొనుక్కుని సాగిపోతారు.