పాతర గుర్తు

అనంతపురము పీఠభూమిలో ఏటికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక యేడు పండిన జొన్నలను మరుసటి యేటి కరవునకు దాచుకొనక తీరని సీమ యిది. పూర్వము రైతులు లోతుగా గొయ్యి త్రవ్వి, లోపల గడ్డి పరచి, ధాన్యము నింపి, పైన మట్టి కప్పెడివారు. దానినే పాతర యందురు. పాతరకు తలుపు లేదు, తాళము లేదు. దాని గుర్తు ఇంటివారికి మాత్రమే తెలియును. పరులకు తెలియకపోవుటయే దానికి కాపలా. (లోపలి గాలి చెడి ప్రాణాపాయము కలుగును గనుక, తెరచిన వెంటనే అందులోనికి దిగరాదు.)

ఈ కాలమున కంటికి కనబడని ధనమునకును అట్టి పాతర యొకటి ఏర్పడినది. 2008లో సతోషీ నకమోతో అను మారుపేరుతో ఒక పత్రము వెలువడెను. అందలి పద్ధతిని బట్టి 2009 జనవరిలో బిట్‌కాయిన్ అను నాణెము పుట్టెను. తరువాత అటువంటివి అనేకము వచ్చినవి. వీనిని క్రిప్టో నాణెములందురు. వీని జమాఖర్చు ఏ బ్యాంకులోను ఉండదు. లోకమందలి వేలకొలది కంప్యూటర్లలో ఒకేవిధముగా వ్రాయబడి యుండును. యజమాని యెవరనగా, ఒక రహస్యసంఖ్య నెరిగినవాడు. అంతకు మించి దస్తావేజు లేదు. వాలెట్ అనగా డబ్బుసంచి యని పేరే గాని, అందులో నాణెములుండవు. ఆ సంఖ్యయే యుండును. ఫోను పోయినచో దానిని మరల రాబట్టుటకు 12 లేక 24 ఇంగ్లీషు మాటల వరుస యొకటి మొదటనే ఇయ్యబడును. 2048 మాటల పట్టికనుండి ఏరిన ఆ వరుసను ఊహించి కనుగొనుట కంప్యూటర్లకును అలవి కాదు.

కావున దొంగ ఊహింపడు, అడుగును. "మీ వాలెట్ నేటితో ఆగిపోవును, మీ మాటలను ఇచ్చట నింపుడు" అని కంపెనీ ఉద్యోగివలె సందేశము పంపును. అసలు పేరులో ఒక్క అక్షరము మార్చి, అచ్చముగా అట్టి వెబ్‌సైటునే నిలుపును. ఈ గాలము వేయుటకే ఫిషింగ్ అని పేరు. నిజమైన కంపెనీ ఏదియు ఆ మాటలను అడుగదు. వానిని కాగితముపై వ్రాసి చెదలు తగులని చోట దాచవలెను గాని, ఫొటో తీసి ఫోనులో ఉంచరాదు.

రహస్యము దాచినంతనే చాలదు. చదువురాని రైతు ఖాళీ ప్రోనోటుపై వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొనుట కరవుసీమ యెరిగిన సంగతియే. చదువరులకును అట్టి గతి పట్టుట విచిత్రము. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అను భారతీయ సంస్థనుండి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో ధనము అపహరింపబడెను. ఆ వాలెట్ తెరచుటకు పలువురి సంతకములు కావలెను. వారు సంతకములు చేసిరి. కాని తెరపై కనబడినది ఒకటి, సంతకము పడినది వేరొకటి యని ఆ సంస్థ తెలిపెను. ఈ దొంగతనము ఉత్తర కొరియావారి పని యని 2025 జనవరిలో అమెరికా, జపాను, దక్షిణ కొరియా దేశములు ప్రకటించినవి. మరునెలలోనే బైబిట్ అను సంస్థ ఇట్టి మోసముననే సుమారు 150 కోట్ల డాలర్లు కోల్పోయెను. అందుచేత ఎరిగినవారు హార్డ్‌వేర్ వాలెట్ అను చిన్న పరికరమును వాడుదురు. ధనము ఎవరికి, ఎంత పోవుచున్నదో దాని తెరపై చదివి సరిచూతురు. అర్థము కాని దానిపై సంతకము చేయరు.

బ్యాంకు ఖాతానుండి సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేసిన యెడల అది నడుమ ఆగుటకు అవకాశము కలదు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు బీమాయు కలదు. క్రిప్టో ధనమునకు ఆ బీమా లేదు. 2022 ఏప్రిల్ నుండి దాని లాభముపై ప్రభుత్వము 30 శాతము పన్ను విధించుచున్నది గాని, పన్ను కట్టినవారి నాణెములకు పూచీ పడలేదు. దొంగిలింపబడిన నాణెము ఏదైనను మారకపు సంస్థకు చేరినప్పుడు పోలీసులు నిలిపివేయింపవచ్చును. అందుకై 1930కే తెలుపవలెను.

మాటలు పరులకు తెలిసినను నాణెములింకను మిగిలియున్నచో చేయదగినది ఒకటి కలదు. పాతర గుర్తు బయటపడినప్పుడు ధాన్యమును ఆ రాత్రియే వేరొక గోతికి మార్చినట్లు, క్రొత్త మాటలతో క్రొత్త వాలెట్ తెరచి అంతయు అందులోనికి మార్చవలెను. పాతదాని పాస్‌వర్డు మార్చుట వ్యర్థము. దాని 12 మాటలు ఎన్నటికిని మారవు.