పొద్దున్న మసక, మధ్యాహ్నం తేట

మా అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. తెల్లారకముందే స్నానం చేసి రామకోటి పుస్తకం ముందేసుకోవడం ఆమెకు నలభై ఏళ్ళ అలవాటు. కిందటి చలికాలంలో అది మానేసింది. "గళ్ళు కనపడట్లేదే, అన్నం తిన్నాక రాస్తాలే" అనేది. మధ్యాహ్నం మూడింటికి రాసిన వరసలు తిన్నగానే ఉండేవి. శుక్లమే అయితే పూటపూటకీ ఇంత తేడా ఎందుకని నాకు తట్టాల్సింది. ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. తట్టలేదు.

మొదట చూపించిన చోట శుక్లం అన్నారు, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. పొద్దున్న చూపు ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మరోచోట కూడా చూపిద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. అక్కడి డాక్టరమ్మ స్లిట్‌ల్యాంప్ వెలుగులో చాలాసేపు చూసి, "అమ్మగారూ, లేచాక మసక ఎంతసేపు ఉంటుందండీ?" అని అడిగింది. "పన్నెండు దాకా తల్లీ" అంది అమ్మ.

శుక్లం నిజమే. దాని ముందున్న కార్నియాలో మరో జబ్బు ఉంది, ఫుక్స్ డిస్ట్రోఫీ. 1910లో ఆస్ట్రియా నేత్రవైద్యుడు ఎర్న్‌స్ట్ ఫుక్స్ పదమూడు మందిలో గమనించి రాసిన జబ్బు.

నల్లగుడ్డు మీది గాజులాంటి పొరే కార్నియా. దాని వెనక వైపు ఆరు మూలల కణాలు ఒకే ఒక్క వరసలో తేనెపట్టులా పరుచుకుని ఉంటాయి. కంటిలోపలి నీరు కార్నియాలోకి ఊరుతూనే ఉంటుంది, ఈ కణాలు తోడిపోస్తూనే ఉంటాయి. ఇవి పోతే వాటి చోట కొత్తవి పుట్టవు. తోడేవి తగ్గినప్పుడు, రాత్రంతా రెప్పలు మూసి ఉండడంతో నీరు ఆవిరయ్యే దారి కూడా లేక కార్నియా ఉబ్బుతుంది. లేచాక గాలి తగిలి మెల్లగా ఆరుతుంది. అమ్మ మధ్యాహ్నపు తేటకు కారణం ఇదే.

ఆ కణాల పొరను ఫొటో తీసి చూపించారు. చదరపు మిల్లీమీటరుకు రెండు వేలకు పైన ఉండాల్సిన కణాలు అమ్మకు పదమూడు వందలు. నడుమ నల్లటి చుక్కలు. కంచరి సుత్తిపోట్లు పడ్డ రాగిచెంబులా ఉంది.

"ఇది వంశంలో వస్తుందా?" అని అడిగాను. రావచ్చు అంది డాక్టరమ్మ. ఆమె చెప్పింది విన్నాక ఇంటికొచ్చి దొరికినంత చదివాను. మన పద్దెనిమిదో క్రోమోజోము మీద టి.సి.ఎఫ్.4 అనే జన్యువుంది. అందులో ప్రొటీన్ తయారీకి పనికిరాని ఒక భాగంలో సి-టి-జి అనే మూడక్షరాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. చాలామందిలో ఈ వరస నలభై సార్లకు లోపే ఆగుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2012లో ఫుక్స్ జబ్బున్న 66 మందిని చూస్తే, 52 మందిలో అది యాభై దాటింది. జబ్బు లేని 63 మందిలో ఇద్దరిలోనే.

ప్రొటీనే తయారుచెయ్యని అక్షరాలు కణాన్ని ఎలా చెడగొడతాయి? జన్యువును ఆర్‌.ఎన్‌.ఎ.గా నకలు తీసేటప్పుడు ఈ వరస కూడా నకలవుతుంది. మిగతా నకళ్ళను కత్తిరించి అతికే పనిలో మజిల్‌బ్లైండ్ అనే ప్రొటీన్లు ఉంటాయి. అవి ఈ పొడుగాటి వరసకు అతుక్కుని కణకేంద్రకంలోనే ముద్దగా చిక్కుకుపోతాయి. పెళ్ళిలో వంటవాళ్ళందరూ ఒక్క గాడిపొయ్యి దగ్గరే ఇరుక్కుపోతే తక్కిన వంటలు చెడ్డట్టు, వేరే జన్యువుల నకళ్ళు తప్పుగా అతుక్కుంటాయి. ఆ జన్యువుల్లో లోపమేమీ లేకపోయినా వాటి పని చెడుతుంది. క్లాసులో నేను డి.ఎన్‌.ఎ. అంటే ప్రొటీన్ల తయారీ చిట్టా అన్నట్టే చెప్పాను. మన డి.ఎన్‌.ఎ.లో దాదాపు సగం ఏదో ఒక రకంగా మళ్ళీ మళ్ళీ వచ్చే వరసలేనని, అవన్నీ ఊరికే పడి ఉండవని ఆ పిల్లలకు చెప్పవలసింది.

శుక్లం ఆపరేషన్ మాటకొచ్చేసరికి అమ్మకు చీము భయం. వాళ్ళ మేనత్తకు అలాగే ఒక కన్ను పోయింది. "పది రోజులకి గట్టి మాత్రలు రాయమను" అని నాకు చెప్పింది. డాక్టరమ్మ రాయలేదు. ఆపరేషన్ తర్వాత కంటిలోపల చీము పట్టించే క్రిములు ఎక్కువగా మన రెప్పల మీద, కంటిపొర మీద ఉండేవే. అందుకే కోతకు ముందు గోధుమరంగు పోవిడోన్ అయొడిన్ చుక్కలు వేసి కాసేపు ఆగుతారు. అది యాంటీబయాటిక్ కాదు, కానీ అన్నిటికన్నా ముందు దాన్నే నమ్ముతారు. చివర్లో మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందును మిల్లీలీటరులో పదోవంతు నేరుగా కంటిలోపలికి ఎక్కిస్తారు. మదురై అరవింద్ ఆస్పత్రుల వైద్యులు ఆరు లక్షలకు పైగా శుక్లం ఆపరేషన్ల లెక్కలు 2017లో ప్రకటించారు. ఈ మందు ఎక్కించని కళ్ళలో పది వేలకు ఏడింటికి చీము పట్టింది, ఎక్కించినవాటిలో రెండింటికే. అంతకుముందే యూరప్‌లో పదహారు వేల మంది మీద సెఫురాక్సిమ్ అనే మరో యాంటీబయాటిక్‌తో చేసిన పరీక్షలోనూ ప్రమాదం ఐదో వంతుకు తగ్గింది. ఆ కొంచెం మందు సరైన చోట పడడమే మేలు, పది రోజుల మాత్రలు కాదు. అయితే మోతాదు తూచినట్టుండాలి. మందు చిక్కగా కలిస్తే దెబ్బతినేది కార్నియా వెనకున్న ఆ ఒంటివరస కణాలే. అమ్మకు అవి అసలే తక్కువ.

ఆపరేషన్ రోజు సాయంత్రం ఫ్రిజ్ తలుపులో వెతికితే పాత చుక్కల సీసాలు మూడు దొరికాయి. ఒకటి ఎప్పుడో కళ్ళకలకకు మందుల షాపులో అడిగి తెచ్చింది, అందులో స్టెరాయిడ్ కూడా ఉంది. డాక్టరు చెప్పకుండా అలాంటివి వాడుతూపోతే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. మూడూ పారేశాను.

అమ్మ మళ్ళీ రామకోటి రాస్తోంది, తొమ్మిది దాటాక. మసక ముదిరితే దాత కంటి నుంచి తీసిన ఆ కణాల పొరను అతికే ఆపరేషన్ ఉందన్నారు. నా కళ్ళూ చూపించుకున్నాను. అప్పుడే కొన్ని నల్లచుక్కలున్నాయి, ఏడాదికోసారి రమ్మన్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు "పొద్దున్న మసక, మధ్యాహ్నానికి తేట" అంటే, శుక్లం ఆపరేషన్‌కు తేదీ తీసుకునేముందు ఆ మాట డాక్టరుకు చెప్పండి. కార్నియా వెనక పొర చూడమని అడగండి.