దొంగల బాటలో భాగ్యనగరం

వజ్రాలు పోయిన చోటు చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్తారా ఎవరైనా? వెళ్తారు! లండన్ లాంటి నగరాల్లో ఒకప్పటి నేరాలు జరిగిన వీధుల్ని కాలినడకన తిప్పి చూపించే గైడ్లున్నారు. 2015 ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవుల్లో లండన్ హాటన్ గార్డెన్‌లో గోడకు కన్నం వేసి లాకర్లు కొల్లగొట్టిన ముఠాలో ఎక్కువమంది అరవై, డెబ్భై దాటిన తాతలే. 2025 అక్టోబరు 19న ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో పట్టపగలే నిచ్చెన లారీతో కిటికీ ఎక్కి, దాదాపు ఎనిమిది నిమిషాల్లో 8.8 కోట్ల యూరోల నగలు పట్టుకుపోయారు. దొంగతనమంటే కోపమే కానీ దొంగ కథంటే మాత్రం అందరికీ చెవి కోసుకునేంత ఇష్టం!

మరి ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా పేరుపడ్డ నిజాం ఏలిన హైదరాబాద్ సంగతేంటి? ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. పాతబస్తీలో మొదలుపెట్టి మూసీ దాటి కోఠి దాకా అటూ ఇటుగా ఐదు కిలోమీటర్ల నడక. మూడే మజిలీలు. కానీ మూడో మజిలీ చేరేసరికి కథ మన చిప్పగిరి, ఆలూరుల పొలాల్లోకి వచ్చేస్తుంది!

బంగారు క్యారియర్‌లో భోజనం

మొదటి మజిలీ పురానీ హవేలీ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నివాసం. ఆయన దుస్తుల కోసం కట్టిన రెండంతస్తుల పొడవాటి బీరువా గది ఇప్పటికీ సందర్శకుల నోరు తెరిపిస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు రజతోత్సవాల్లో వచ్చిన కానుకలతో ఇక్కడే 2000లో మ్యూజియం తెరిచారు.

2018 సెప్టెంబరు 2 అర్ధరాత్రి దాటాక ఇద్దరు యువకులు పైకప్పు ఎక్కారు. వెంటిలేటర్ ఊచలు తొలగించి, తాడు పట్టుకుని ఒకడు లోపలికి దిగాడు. సీసీ కెమెరాను పక్కకు తిప్పేశాడు. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ క్యారియర్, బంగారు కప్పు, సాసర్, చెంచా తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పోలీసుల్ని బోల్తా కొట్టించడానికి సిమ్ కార్డు లేని ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటించారట. సెల్ టవర్ల లెక్కలు తీస్తూ పోలీసులు తలలు పట్టుకోవాలన్నది ఎత్తుగడ. కానీ వాళ్ల బండి వీధి కెమెరాలకు చిక్కింది. ముంబయి వెళ్లి పెద్ద హోటల్లో దిగారు. అంత పేరున్న సొత్తుకు అక్కడ కొనేవాళ్లు దొరకలేదు. పది రోజులైనా తిరక్కుండానే ఇద్దరూ దొరికిపోయారు, సొత్తూ దొరికింది. అన్నట్టు, దొరికేలోగా వాళ్లలో ఒకడు రోజూ ఆ క్యారియర్‌లోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు. ఏడో నిజాం అందులో ఒక్కపూటైనా తిన్నాడో లేదో!

బూటులో దొరికిన వజ్రం

హవేలీ నుంచి చార్మినార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కు పావుగంట, ఇరవై నిమిషాల నడక. ఇక్కడి కథలో గోడకు కన్నాలుండవు, తాడుండదు. ఉన్నది నమ్మకం ఒక్కటే.

1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ జాకబ్ ఒక పెద్ద వజ్రం తెస్తానని మహబూబ్ అలీఖాన్‌కు ఆశ పెట్టాడు. బేరం 46 లక్షల రూపాయలకు కుదిరింది. 23 లక్షలు ముందే చేతికిచ్చారు. తీరా వజ్రం వచ్చాక నిజాం వద్దన్నాడు. జాకబ్ డబ్బు తిరిగివ్వలేదు. మోసం కేసు కలకత్తా హైకోర్టుకెక్కింది. అంతటి నిజామూ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. చివరికి జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ వ్యాపారం దివాలా తీసి, పేదరికంలోనే కన్నుమూశాడు.

వజ్రం మాత్రం నిజాం దగ్గరే మిగిలింది. అంత రచ్చ చేసిన రాయి అంటే ఆయనకు ఎంత విసుగంటే... చాలా ఏళ్ల తర్వాత కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అది తండ్రి బూటు కొనలో దొరికిందంటారు. ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడు. 184.75 క్యారెట్ల ఆ జాకబ్ వజ్రంతో సహా 173 నిజాం నగల్ని కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొంది. ఇప్పుడవి రిజర్వు బ్యాంకు భద్రతలో ఉన్నాయి. ఇంతకీ ఈ కథలో మోసపోయిందెవరు? అమ్మినవాడా, కొన్నవాడా?

సంతకంతో కొట్టేశారు

ఇక మూసీ దాటి కోఠి. చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఎత్తయిన స్తంభాలతో కనిపించే తెల్లటి భవనమే బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దీన్ని కట్టించాడు, ఖర్చు నిజాం పెట్టుకున్నాడు.

కొల్లగొట్టడంలో ఇక్కడివాళ్ల ముందు ఎవరైనా దిగదుడుపే. విలియం పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థకు 1816లో గవర్నర్ జనరల్ అనుమతి దొరికింది. నిజాం సైన్యం జీతాలకని నూటికి ఏడాదికి 24 రూపాయల దాకా వడ్డీతో అప్పులిచ్చింది. అప్పు కొండలా పెరిగింది. 1820లో వచ్చిన రెసిడెంటు మెట్‌కాఫ్ ఈ బాగోతాన్ని బయటపెట్టాడు. అయినా అప్పు అప్పే కదా! అది తీర్చడానికి నిజాం, కోస్తా సర్కార్ల మీద ఈస్టిండియా కంపెనీ తనకు ఏటా కట్టే 7 లక్షల రూపాయల పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకోవాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద సంతకం ఈ భవనం కట్టకముందే పడింది. 1800 అక్టోబరు 12న కిర్క్‌పాట్రిక్ కుదిర్చిన సంధి అది. హైదరాబాద్‌లో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా నిజాం అలీఖాన్, టిప్పు సుల్తాన్‌తో యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ప్రాంతాలన్నీ రాసిచ్చేశాడు. తుంగభద్రకు దక్షిణాన ఉన్న ఆదోని సీమనూ వాటితో కలిపేశాడు. ఆదోని, ఆలూరు, విజయదాసులు కన్నుమూసిన చిప్పగిరి... అన్నీ ఒక్క కాగితం మీద చేతులు మారాయి. ఇక్కడి రైతును ఎవరూ అడగలేదు. నిన్నటిదాకా ఒకరికి కట్టిన శిస్తు ఇవాళ్టి నుంచి ఇంకొకరికి కట్టాలి, అంతే. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. ఈ ఊళ్లు బళ్లారి జిల్లాలో చేరాయి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రంతోపాటే కర్నూలు జిల్లాలోకి వచ్చాయి.

పేరొక్కటే తిరిగొచ్చింది!

చూశారా తేడా! తాడు పట్టుకుని దిగినవాడు పది రోజుల్లో కటకటాల వెనక్కి వెళ్లాడు. నమ్మకం మీద వ్యాపారం చేసినవాడు కోర్టు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. కలంతో వచ్చినవాడికి మాత్రం కోఠిలో కోట కట్టిచ్చారు.

ఆ సంధి మనకు మిగిల్చింది ఒక పేరు... దత్త మండలాలు. అంటే ఇచ్చేసిన జిల్లాలు. నూట ఇరవై ఎనిమిదేళ్లపాటు ఆ పేరే మోశాం. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు వద్దనుకున్నారు. చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ అప్పటి నుంచీ నిలిచిపోయింది. పోయిన సొత్తులో దొరికింది ఆ పేరొక్కటే. దాన్నెవరూ ఎత్తుకుపోలేరు.

ఈ నడకకు బయల్దేరితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. శుక్రవారం మాత్రం వద్దు. హవేలీ మ్యూజియానికీ చౌమహల్లాకూ ఆ రోజు సెలవు!