పేరు మారితే చాలదు, పళ్లెం మారాలి

ఈమధ్య మన ఇళ్లలో ఆరోగ్యం గురించిన శ్రద్ధ పెరిగింది. ఎవరింట్లో దస్తర్ఖాన్ పరిచినా "నాకు అన్నం వద్దు", "చక్కెర లేని చాయ్ ఇవ్వండి" అనేవారు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అవసరం కూడా అంతే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ ఆ సర్వే అంచనా వేసింది.

అయితే ఎంతో పట్టుదలతో పథ్యం చేసేవారిలో కూడా చాలామందికి ఫలితం కనిపించదు. తినే పదార్థం పేరు మారుతుంది గాని, పళ్లెంలో ఏది ఎంత ఉండాలన్న లెక్క మారదు. తరచుగా జరిగే పొరపాట్లు ఈ ఒక్క కారణం నుంచే పుడుతున్నాయి.

అన్నం బదులు చపాతీ

బియ్యంలో గాని, గోధుమపిండిలో గాని 100 గ్రాములకు ఇంచుమించు 340 నుంచి 350 కేలరీల శక్తి ఉంటుంది. జల్లించని గోధుమపిండిలో పీచు ఎక్కువ, అది మేలే. కాని రాత్రి అన్నం మానేసి, నూనె రాసి కాల్చిన చపాతీలు ఐదారు తింటే ఒంటికి చేరే శక్తి తగ్గదు. జొన్న, రాగి, కొర్రలకూ ఇదే వర్తిస్తుంది. అవి మంచి ధాన్యాలే, అయినా ధాన్యాలే. పళ్లెం నిండా కొర్ర అన్నం తిన్నా, రాగి జావలో మూడు చెంచాల బెల్లం కలుపుకున్నా ప్రయోజనం సగం పోతుంది.

మరి లెక్క ఏమిటి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన వ్యక్తికి అది సూచించిన పరిమాణాలు, వండకముందు బరువులో, ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు.

ఈ జాబితా పక్కన మన పళ్లెం పెట్టి చూడండి. మధ్యలో అన్నం గుట్ట, ఓ పక్క రెండు చెంచాల కూర, పైన పలుచటి ఖట్టీ దాల్. లెక్క తలకిందులైంది. దీన్ని సరిదిద్దడానికి ఖరీదైన వస్తువులేవీ అక్కర్లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు చిక్కగా చేసి, కూర రెండింతలు వండితే చాలు. మన వంటల్లోనే ఇందుకు తగినవి ఉన్నాయి. శనగపప్పు, సొరకాయ, మాంసం కలిసే దాల్చా అలాంటిదే. పాలకూర గోష్త్, గోంగూర మాంసం కూడా అంతే. వాటిలో ఆకుకూర పాలు పెంచుకోవాలి.

చక్కెర బదులు బెల్లం

బెల్లం, తేనె సహజమైనవని ఎంతైనా వాడవచ్చనుకుంటారు. రక్తంలో చక్కెరను పెంచడంలో వీటికీ చక్కెరకూ పెద్ద తేడా లేదు. చక్కెర లేదని ముద్రించిన బిస్కట్లలో కూడా మైదా, కొవ్వు ఉంటాయి. పండ్ల రసం తాగేవారు పీచును వడకట్టి పారేసి తీపిని మాత్రం తాగుతున్నారు. పండును పండుగా తినడమే మేలు.

నూనె, ఉప్పు, చాయ్

కొలెస్ట్రాల్ లేదని డబ్బా మీద రాసిన నూనెను ధారాళంగా పోసేవారున్నారు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. గ్రాముకు 9 కేలరీలు మాత్రం ప్రతి నూనెలోనూ ఉంటాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు సరిపోతాయి. ఈ నెల మన ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖర్చయ్యాయో ఒకసారి లెక్కపెట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటోంది. అంటే ఒక చిన్న చెంచా. పచ్చడి, అప్పడం, బిస్కట్లలోని ఉప్పు కూడా ఇందులోదే. గులాబీ రంగు ఉప్పు కూడా ఉప్పే. పైగా అందులో అయోడిన్ కలపకపోతే పిల్లలకు నష్టం.

భోజనం కాగానే చాయ్ తాగే అలవాటు మనకు ఎక్కువ. చాయ్‌లోని పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న స్త్రీలు, ఎదిగే ఆడపిల్లలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ మానాలి. పప్పు, ఆకుకూరల మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది.

పూట మానేయడం

బరువు తగ్గాలని పొద్దున ఏమీ తినకుండా ఉండి, మధ్యాహ్నం రెండింతలు తినేవారున్నారు. మధుమేహానికి మందులు వాడేవారికి ఇది ప్రమాదం కూడా. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. రోజా ఉండదలచినవారు రమజాన్‌కు ముందే డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదులు సరిచేయించుకోవాలి. ఇఫ్తార్‌లో ఉడికించిన శనగపప్పు, పండ్లు మంచి అలవాటు. వాటి పక్కనున్న సమోసాల పళ్లెమే ఏటేటా పెద్దదవుతోంది.

మనం ఇచ్చే కిట్టులో ఏముంది?

మన ఇంటి పళ్లెం మన చేతిలో ఉంది. పేదవారి పళ్లెంలో కొంత భాగం దాతలైన మీ చేతిలో ఉంది. సాధారణంగా రేషన్ కిట్టులో బియ్యం, గోధుమపిండి, చక్కెర, నూనె, సేమియా, చాయ్ పొడి ఎక్కువగా ఉంటాయి. బియ్యం ఆహార భద్రత చట్టం కింద రేషన్ దుకాణంలో మనిషికి నెలకు కనీసం 5 కిలోలు వస్తూనే ఉన్నాయి. అంటే ఆ ఇంట్లో ఇప్పటికే ఉన్నదాన్నే మనం మళ్లీ ఇస్తున్నాం. అక్కడ లేనిది పప్పు. రోజుకు మనిషికి 85 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు 10 కిలోలకు పైగా పప్పు కావాలి. ఆ ధరకు ఎన్ని ఇళ్లు అంత కొనగలవు?

కిట్టు ఖర్చు పెంచనక్కరలేదు. బియ్యంలో కొంత, చక్కెరలో సగం తగ్గించి, ఆ డబ్బుతో కందిపప్పు, శనగలు, పెసలు, పల్లీలు, అయోడిన్ ఉప్పు పెట్టవచ్చు. వీలైతే ఒక అట్ట గుడ్లు కూడా. పండుగ సేమియా, ఖర్జూరం ఎలాగూ ఉంటాయి. రాబోయే రమజాన్ కిట్టు జాబితా రాసేటప్పుడు మొదటి వరుసలో పప్పు రాయండి. బియ్యం దాని తర్వాత రాయవచ్చు.